టోన్ మీకు వినబడుతోంది, మోడెంకి వినబడటం లేదు

ప్రశ్న: మా ఇంట్లో 2000లో కొన్న కంప్యూటర్ ఒకటుంది. పెంటియం త్రీ, 64 ఎంబీ ర్యామ్, విండోస్ 98. రిటైరయ్యాక అటక సర్దుతూ కిందికి దించాను. వైర్లు తగిలించి స్విచ్ వేస్తే లేచి కూర్చుంది! అప్పటి డీలింక్ మోడెం కూడా పక్కనే ఉంది, దాని లైట్లూ వెలుగుతున్నాయి. మా మనవరాలికి ఆ పాత కీచుశబ్దం వినిపించి, అందులోనే ఇంటర్నెట్ తెరిచి చూపించాలని నా కోరిక. ల్యాండ్‌లైన్ ఇంకా ఉంది. కాకపోతే పోయినేడాది ఫైబర్‌కి మార్చారు, ఫోన్ వైరు ఇప్పుడు వైఫై పెట్టెలోంచి వస్తోంది. డయల్ చేసిన ప్రతిసారీ ‘ఎర్రర్ 680, డయల్ టోన్ లేదు’ అంటోంది. అదే వైరు ఫోన్‌కి పెడితే టోన్ శుభ్రంగా వినబడుతోంది. మోడెం పోయినట్టేనా? మా అబ్బాయేమో ‘ఎందుకు నాన్నా ఈ గోల, లాన్ కార్డు పెట్టేస్తే అయిపోతుందిగా’ అంటున్నాడు. ఫోన్ బిల్లు ఎంతొస్తుందోనని మా ఆవిడ భయం.
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మోడెం పోలేదండీ. పోతే 680 అన్న మాట కూడా మీదాకా వచ్చేది కాదు. ఆ మాట చెప్పింది మోడెమే. లైను ఎత్తింది, కొన్ని సెకన్లు విన్నది, ‘నాకేం టోన్ వినబడలేదు’ అని కంప్యూటర్‌కి కబురు పంపింది. కబురు అందిందంటే సీరియల్ కేబులు బాగుంది, వెనక పోర్టు బాగుంది, మోడెం లోపలి బుర్ర కూడా బాగుంది. పాతికేళ్లు అటకమీద పడున్న సరుకు ఇంత బాగా ఉండటమే గొప్ప.

మీ ఫోన్‌కి వినబడే టోన్ మోడెంకి ఎందుకు వినబడదంటే, అది అమెరికా చెవులతో పుట్టింది కాబట్టి. అక్కడి డయల్ టోన్ 350, 440 హెర్ట్‌జ్‌ల రెండు స్వరాలు కలిసిన నిలకడైన ధ్వని. మనది 400 హెర్ట్‌జ్‌ల ఒకే స్వరం, దాని మీద 25 హెర్ట్‌జ్‌ల వణుకు. రిసీవర్ చెవిన పెట్టుకుంటే వినిపించే ఆ ‘గుర్ర్‌ర్’ అదే. మనిషి చెవికి రెండూ టోన్లే. అమెరికా లెక్కలతో తయారైన మోడెంకి మాత్రం రెండోది ఏదో రొద కింద లెక్క. అందుకే 1999 నుంచి నాలుగైదేళ్లు నేను విజయవాడలో ఇంటింటికీ తిరిగి నెట్ పెట్టిన రోజుల్లో, మోడెం పెట్టె విప్పగానే చేసే మొదటి పని ఒకటుండేది. కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్స్ తెరిచి, మన మోడెం మీద ప్రాపర్టీస్ నొక్కి, కనెక్షన్ అన్న పేజీలో ‘డయల్ చేసే ముందు టోన్ కోసం ఆగు’ అన్న అర్థం వచ్చే గడి ఉంటుంది, దాంట్లో టిక్ తీసేయడం. కొన్ని మోడెంలు ఈ గడిని ఖాతరు చెయ్యవు. వాటికి అదే పేజీలో అడ్వాన్స్‌డ్ నొక్కి, ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ అన్న చోట ఏటీఎక్స్3 అని రాయాలి. ‘టోన్ సంగతి వదిలెయ్, ఎంగేజ్ వస్తే మాత్రం చెప్పు’ అని దాని భావం. నంబరు ముందు ఒక కామా కూడా పెట్టండి. మోడెం భాషలో కామా అంటే రెండు సెకన్లు ఆగమని. టోన్ వచ్చేలోపే తొందరపడి అంకెలు నొక్కేయకుండా ఉంటుంది.

ఇంతటితో 680 పోతుంది. పోయి, 678 వస్తుంది. అంటే ‘అవతల ఎవరూ ఎత్తలేదు’ అని. మీ అసలు సమస్య అక్కడుంది.

డయలప్ అనేది ఎంత చెప్పినా ఒక ఫోన్ కాల్. ఇటు మీ మోడెం ఫోన్ చేస్తుంది, అటు ఇంకో మోడెం ఎత్తాలి. మీ పాత కనెక్షన్‌లో 172తో మొదలయ్యే ఆరంకెల నంబరు ఉంటుందనుకుంటాను, బీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ అయిన సంచార్‌నెట్ వాళ్లందరికీ 172233 కంఠతా వచ్చేది. మోడెం సంగతి పక్కనపెట్టి, ఆ నంబరుకి మామూలు ఫోన్ నుంచి ఒకసారి చేసి చూడండి. సన్నటి ఈల వినబడితే అవతల ప్రాణం ఉన్నట్టు. రికార్డు చేసిన ఆడగొంతు ఏదో చెబితే ఆ నంబరు మీద ఆశ వదులుకోండి. అమెరికాలో డయలప్ అంటే గుర్తొచ్చే ఏఓఎల్ కూడా 2025 సెప్టెంబరు 30న ఆ సేవకి మంగళం పాడేసింది. కాలం ఎటు పోతోందో దాన్నిబట్టే తెలుస్తోంది కదా.

ఒకవేళ అవతల ఎత్తేవాడు దొరికినా, మీ ఫైబర్ లైను ఇంకో తిరకాసు పెడుతుంది. రాగి తీగ రోజుల్లో మీ ఇంటి నుంచి ఎక్స్చేంజి దాకా ఒకే జత తీగ, దాని మీద శబ్దం శబ్దంగానే పోయేది. ఇప్పుడు ఆ వైఫై పెట్టె మీ గొంతుని చిన్నచిన్న ముక్కలు చేసి ప్యాకెట్లుగా పంపుతుంది. ఒక ముక్క కాస్త ఆలస్యమైనా, ఒకటి పోయినా మనుషుల మాటకి వచ్చే నష్టం లేదు, ‘ఆఁ?’ అని ఇంకోసారి అడుగుతాం. మోడెం సంభాషణ అలా కాదు. క్షణంలో వెయ్యోవంతు తేడా వచ్చినా తాళం తప్పిన భజనలా చెదిరిపోతుంది. కాబట్టి బయటికి ఫోన్ చేసి నెట్ పట్టడం అనే ఆలోచన మానుకోండి.

కోరిక మానుకోమనడం లేదు. ఎత్తేవాణ్ణి మీ ఇంట్లోనే కూర్చోబెడదాం.

దానికి ముందు ఒక్క విషయం, దయచేసి ఇది దాటేసి ముందుకు వెళ్లకండి. ఈ కంప్యూటర్‌ని మళ్లీ ఆన్ చేయబోయే ముందు హార్డ్ డిస్క్ బయటికి తీయండి. అది లేచిందన్న సంబరంలో రోజుకి నాలుగుసార్లు స్విచ్ వేసి ఉంటారు, నేను చెప్పగలను. మా బంధువొకాయన ఇలాగే పాత మిషన్ బతికిందని వీధిలో అందరినీ పిలిచి చూపించాడు. మూడోరోజు డిస్క్ ‘టక్... టక్... టక్’ అని గోడ గడియారంలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అందులో వాళ్ల నాన్నగారు దుబాయ్ కొడుక్కి రాసిన మెయిళ్లు అన్నీ ఉన్నాయి. ఒక్కటీ దక్కలేదు. ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న అడాప్టర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డిస్క్ దానికి తగిలించి, మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌కి పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. మొత్తం కాపీ చేసుకోండి. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వాడి ఉంటే ఆ ఉత్తరాలు విండోస్ ఫోల్డర్లో, అప్లికేషన్ డేటా లోపల ఐడెంటిటీస్ అన్న చోట దాక్కుని ఉంటాయి. మై డాక్యుమెంట్స్ కాపీ చేసి పనైపోయిందనుకుంటే అవి మిగిలిపోతాయి.

పెట్టె ఎలాగూ విప్పారు కాబట్టి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ మార్చేయండి, సీఆర్2032 అని కిరాణా కొట్టులో కూడా ఉంటుంది. ఇన్నేళ్లకి అది ఖాళీ అయిపోయి ఉంటుంది, మీ కంప్యూటర్ ఏ ఏడాదిలో ఉన్నాననుకుంటోందో దానికే తెలియాలి. బోర్డు మీద నిలబడి ఉండే చిన్న స్తంభాల్లాంటి కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూడండి. ఉబ్బి ఉంటే మాత్రం నెట్ సంగతి తర్వాత, ముందు రిపేరు.

ఇప్పుడు అసలు పని. మీకు కావలసినవి ఇంకో మోడెం, ఒక లినక్స్ కంప్యూటర్, ఒక పాత ఇంటర్‌కమ్ పెట్టె.

ఇంటర్‌కమ్ పెట్టె అంటే నవ్వకండి. చిన్న ఆఫీసుల్లో, నర్సింగ్‌హోముల్లో, లాడ్జీల్లో గోడకి ఉండే ఈపీఏబీఎక్స్ గురించే నేను చెప్పేది. ‘రెండొకట్లు నొక్కితే రిసెప్షన్’ అనేవాళ్లే, అది. అందరూ సెల్‌ఫోన్లకి మారిపోయాక అవి పాత సామాన్ల కొట్లకి చేరాయి. నాకు తెలిసినంతలో ఇంట్లో డయలప్ ఆడుకోవడానికి దాన్ని మించిన బొమ్మ లేదు. అది స్వయంగా ఒక చిట్టి టెలిఫోన్ ఎక్స్చేంజి. లైనుకి కరెంటు అదే ఇస్తుంది, టోన్ అదే ఇస్తుంది, రింగు అదే కొడుతుంది. ఒక ఎక్స్‌టెన్షన్‌కి మీ పాత మోడెం, రెండో ఎక్స్‌టెన్షన్‌కి కొత్తగా తెచ్చిన మోడెం తగిలిస్తే, అవి ఒకదానికొకటి ఫోన్ చేసుకునే ఊరు ఇదే. బయటి లైను దీనికి కలపక్కర్లేదు, కలపకండి కూడా. కొనేటప్పుడు డిజిటల్ ఫోన్ల కోసం చేసింది కాకుండా మామూలు ఫోన్ పెడితే మోగే రకం చూసుకోండి. కొట్టులోనే రెండు ఫోన్లు తగిలించి, ఇటు నుంచి అటు చేసి మోగించి మరీ తెచ్చుకోండి.

అది దొరక్కపోతే రెండు ఫోన్ సాకెట్లుండే వీవోఐపీ అడాప్టర్ (మామూలు ఫోన్‌ని నెట్ మీద నడిపే డబ్బా) ఒకటి తెచ్చి ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌కి కాల్ పెట్టొచ్చు. అందులో కోడెక్ (గొంతుని అంకెలుగా మార్చే పద్ధతి) జీ711 ఒక్కటే ఉంచి, ఎకో క్యాన్సిలేషన్, సైలెన్స్ సప్రెషన్ రెండూ ఆపాలి. కాల్ మీ ఇల్లు దాటదు గనక ముక్కలు ఆలస్యమయ్యే బాధ పెద్దగా ఉండదు. పని చేస్తుంది, కానీ సెట్టింగుల పేజీతో సాయంత్రాలు గడిచిపోతాయి. ఇంటర్‌కమ్‌కి ఆ తలనొప్పి లేదు.

రెండో మోడెం ఎక్కడ దొరుకుతుందంటారా? హైదరాబాద్ వెళ్లే పనుంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ల బజారు సీటీసీలో పాత సరుకు అమ్మేవాళ్లని అడగండి. లేకపోతే పాత వస్తువులు అమ్మే ఆప్‌లలో వెతకండి. తీసుకుంటే బయట పెట్టుకునే ఎక్స్‌టర్నల్ మోడెమే తీసుకోండి. ఆ రోజుల్లో కంప్యూటర్ లోపల గుచ్చే చవక మోడెంలు చాలావరకు సగం మోడెంలే, మిగతా సగం పని విండోస్‌లోని డ్రైవరే చేసేది. విన్‌మోడెం అని వాటికి పేరు. లినక్స్‌కి పెడితే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాయి. సీరియల్ మోడెం, దానికి ఒక యూఎస్‌బీ టు సీరియల్ కేబుల్ అయితే మంచిది. యూఎస్‌బీ రకమే కావాలంటే యూఎస్ రోబోటిక్స్ 5637 లినక్స్‌తో చక్కగా కలుస్తుంది. ఇంకో జాగ్రత్త: పాత మోడెంల అడాప్టర్లు చాలావాటిలో వచ్చేది డీసీ కాదు, ఏసీ. మోడెం ఒక్కటే దొరికి అడాప్టర్ లేకపోతే, పిన్ను సరిపోయింది కదా అని సెట్‌టాప్ బాక్సుది గుచ్చేయకండి. మోడెం అడుగున ఎన్ని వోల్టులు, ఏసీనా డీసీనా అని రాసి ఉంటుంది, అదే కొనండి.

తెచ్చాక రెండు మోడెంలనీ పలకరించి చూడాలి. విండోస్ 98లో స్టార్ట్, ప్రోగ్రామ్స్, యాక్సెసరీస్, కమ్యూనికేషన్స్ వరసన వెళితే హైపర్‌టెర్మినల్ ఉంటుంది. కొత్త కనెక్షన్‌కి ఏదో ఒక పేరిచ్చి, ‘కనెక్ట్ యూజింగ్’ దగ్గర మోడెం పేరు కాకుండా కామ్1 ఎంచుకోండి. తెల్ల తెర మీద కర్సర్ ఆడుతుంది. అందులో ఏ, టీ రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. కింద గీతలో ‘ఓకే’ అని వస్తుంది. 1981లో హేస్ కంపెనీ తన స్మార్ట్‌మోడెంతో మొదలుపెట్టిన భాష అది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కంపెనీ అదే భాష నేర్చుకుంది. ఏటీ అంటే ‘ఇదిగో వింటున్నావా’ అని పిలవడం. ఏమీ రాకపోతే కామ్2 చూడండి. ఇప్పుడు రెండో ఎక్స్‌టెన్షన్‌కి మోడెం బదులు ఒక మామూలు ఫోన్ పెట్టి, ఏటీడీటీ కొట్టి పక్కన ఆ ఎక్స్‌టెన్షన్ నంబరు, అంటే 22 అనుకుందాం, కొట్టి ఎంటర్ నొక్కండి. ‘టక్’ మని లైను ఎత్తిన చప్పుడు, రెండు అంకెల స్వరాలు, రెండో ఎక్స్‌టెన్షన్‌కి పెట్టిన ఫోన్ మోగడం. ఫోన్ ఎత్తి చూడండి. మోడెం మీకే ఫోన్ చేసింది. ఇక్కడ ‘నో డయల్‌టోన్’ అంటే పైన చెప్పిన ఏటీఎక్స్3 ముందు కొట్టి మళ్లీ చేయండి. ఇంటర్‌కమ్ టోన్లు ఎక్స్చేంజి టోన్లలా కూడా ఉండవు.

లినక్స్ వైపు పని మీ అబ్బాయికి అప్పగించండి. గోల అన్నాడు కదా, కాస్త గోల అతన్నీ పడనిద్దాం. రాస్ప్‌బెరీ పై ఉన్నా సరే, పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించినా సరే. ఎంగెట్టీ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది, అది రెండో మోడెం ముందు కూర్చుని రింగు రాగానే ఎత్తుతుంది. ఎత్తాక అవతలివాడు పీపీపీ (ఫోన్ లైను మీద నెట్ నడిపే భాష) మాట్లాడుతున్నాడని గుర్తుపడితే, పీపీపీడీ అనే ఇంకో ప్రోగ్రాంకి కాల్ అందిస్తుంది. దీనికోసం ఎంగెట్టీ లాగిన్ కాన్ఫిగ్ ఫైల్లో ఆటోపీపీపీ అన్న వరస ముందున్న హాష్ గుర్తు తీసేయాలి. పీపీపీడీకి చెప్పాల్సినవి: లినక్స్ వైపు, పాత కంప్యూటర్ వైపు ఇవ్వాల్సిన రెండు ఐపీ అడ్రసులు, డీఎన్ఎస్ అడ్రసు, ప్యాప్ సీక్రెట్స్ ఫైల్లో ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. ఆ ఐపీలు మీ వైఫై ఇచ్చే వరసలోవి కాకుండా వేరేవి పెట్టమనండి. చివరగా ఐపీ ఫార్వార్డింగ్ ఆన్ చేసి, వైఫై వైపుకి మాస్కరేడ్ (పాత కంప్యూటర్ అడిగినవి లినక్స్ తన పేరు మీద బయటికి పంపడం) పెట్టాలి. చాలామంది ఈ చివరిదే మర్చిపోయి ‘కనెక్ట్ అయింది కానీ పేజీ రావట్లేదు’ అని జుట్టు పీక్కుంటారు.

మీ వైపు పని మీకు గుర్తొచ్చేస్తుందిలెండి. మై కంప్యూటర్‌లో డయలప్ నెట్‌వర్కింగ్, అందులో ‘మేక్ న్యూ కనెక్షన్’. నంబరు 22. ఏరియా కోడ్ వాడమన్న గడిలో టిక్ ఉంటే తీసేయండి, లేకపోతే ముందు ఏవో అంకెలు తగిలించి తిప్పుతుంది. తయారైన బొమ్మ మీద కుడి క్లిక్కు కొట్టి ప్రాపర్టీస్‌లో సర్వర్ టైప్స్ తెరవండి. పైన పీపీపీ ఉండాలి. ‘లాగ్ ఆన్ టు నెట్‌వర్క్’ టిక్ తీసేయండి. కింద నెట్‌బుయి, ఐపీఎక్స్ రెండూ తీసేసి టీసీపీ/ఐపీ ఒక్కటే ఉంచండి. ఈ మూడు టిక్కులు తీయని ఇళ్లలో ‘వెరిఫయింగ్ యూజర్‌నేమ్ అండ్ పాస్‌వర్డ్’ దగ్గర అర నిమిషం ఊరికే కాలిపోయేది. అప్పట్లో ఆ అర నిమిషానికీ మీటరు తిరిగేది. టీసీపీ/ఐపీ దగ్గరే టిక్ లేకపోతే ‘ప్రోటోకాల్ కుదరలేదు’ అని అలిగి పెట్టేస్తుంది. 691 వస్తే పాస్‌వర్డ్ తప్పు. క్యాప్స్ లాక్ చూడండి ముందు. 676 అంటే ఎంగేజ్, 633 అంటే మోడెంని ఇంకెవరో పట్టుకుని ఉన్నారు. ఆ ‘ఎవరో’ తొంభై తొమ్మిది పాళ్లు మీరు మూయడం మర్చిపోయిన హైపర్‌టెర్మినలే. మధ్యలో విండోస్ 98 సీడీ పెట్టమని అడిగితే కంగారు పడకండి, విండోస్ ఫోల్డర్లో ఆప్షన్స్, క్యాబ్స్ అని ఉందేమో చూసి అది చూపించండి. అప్పటి అసెంబ్లింగ్ కుర్రాళ్లం మళ్లీ పిలవకుండా ఉంటారని సీడీ అందులోకి కాపీ చేసి వెళ్లేవాళ్లం.

ఇక మీ మనవరాలికి వినిపించే ఘట్టం. ముందు అంకెల స్వరాలు. రెండో మోడెం ఎత్తగానే 2,100 హెర్ట్‌జ్‌ల పొడుగాటి ఈల, జాగ్రత్తగా వింటే దాదాపు అర సెకనుకొకసారి అందులో చిన్న కుదుపు. ఆ కుదుపు దారిలో ఉన్న ప్రతిధ్వని అణిచే యంత్రాలకి ‘ఇది మనిషి మాట కాదు, మీరు తప్పుకోండి’ అని చెప్పడానికి. తర్వాత రెండూ ‘నీకెంత వచ్చు, నాకింత వచ్చు’ అని బేరమాడుకునే కిచకిచలు. ఆ తర్వాత లైను ఎంత శుభ్రంగా ఉందో కొలిచే గరగర. చివరికి జల్లుమనే హోరు. అక్కడ స్పీకర్ ఆగిపోతుంది. మాటలు ఆగాయని కాదు, కనెక్షన్ కలిశాక నోరు మూసుకోమని మోడెంకి ముందే చెప్పి ఉంటుంది. ఆపకుండా వినాలంటే ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో ఏటీఎక్స్3 పక్కనే ఎమ్2 చేర్చండి. ఒకసారి సరదాకే. రెండోసారికి ఇంట్లోవాళ్లు మిమ్మల్నీ మోడెంనీ కలిపి అటకెక్కిస్తారు.

స్పీడు 56కే వస్తుందని ఆశించకండి. మోడెం మీద రాసినా సరే. ఎక్స్చేంజి మన గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతలో ఏడు బిట్లు నమ్మకంగా దాటించగలిగితే 56,000. అది జరగాలంటే అవతలి వైపు కంపెనీవాడికి ఎక్స్చేంజి నుంచి నేరుగా డిజిటల్ లైను ఉండాలి. ఇద్దరూ మనలాంటి ఇంటి మోడెంలే అయితే గరిష్ఠంగా 33,600. కింద మూలన 1,15,200 అని చూపిస్తే అది కంప్యూటర్‌కీ మోడెంకీ మధ్య కేబుల్ వేగం, లైనుది కాదు. ఆ అంకె చూసి మా ఇంట్లో నెట్ వాయువేగమని చెప్పుకుతిరిగిన పెద్దమనుషులు నాకు తెలుసు. మీ మనవరాలు సెల్‌లో తీసిన మూడు ఎంబీల ఫొటో ఒకటి ఈ లైను మీద తెప్పించమనండి. అన్నీ కుదిరినా 12 నిమిషాలు. పైనుంచి కిందికి ఒక్కో గీత దిగుతూ ముందు జుట్టు, కాసేపటికి నుదురు, ఎప్పటికో కళ్లు. ఆ శబ్దం కన్నా ఇదే ఆమెకు ఎక్కువ గుర్తుంటుందని నా అనుమానం.

కనెక్ట్ అయ్యాక ఏం తెరుచుకుంటుందన్నది ముందే చెప్పాలి, లేకపోతే నిరాశ పడతారు. ఇప్పటి సైట్లు దాదాపు అన్నీ తాళం వేసిన సైట్లు, అంటే హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యేవి. ఆ తాళం మీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి తెలియదు, ‘పేజీ కనబడలేదు’ అని తెల్లముఖం వేస్తుంది. అది మీ తప్పూ కాదు, లైను తప్పూ కాదు. తాళం లేని చోట్లు కొన్ని మిగిలాయి. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైటు ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సీహెచ్ ఇంకా ఉంది, ఉత్త అక్షరాలే కాబట్టి చిటికెలో వస్తుంది. మొదట దాన్నే తెరవండి. ఫ్రాగ్‌ఫైండ్ అని ఒకటుంది, ఇలాంటి పాత కంప్యూటర్ల కోసమే ఎవరో పుణ్యాత్ముడు పెట్టింది. అందులో వెతికితే ఇప్పటి పేజీలని బొమ్మలు తీసేసి అక్షరాలు మాత్రం వడ్డిస్తుంది.

తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలో ప్రశ్నార్థకాలో వస్తాయి. యూనికోడ్ తెలుగు విండోస్‌లోకి ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. 98కి ఆ భాగ్యం లేదు. మరి అప్పట్లో తెలుగు ఎలా చదివామంటే, ఒక్కో పేపరుకి ఒక్కో ఫాంటు. ఈనాడు సైటుకి ఈనాడు ఫాంటే కావాలి, దాని అక్షరం ఇంకోచోట పెడితే చెత్త. అంతకు ముందు న్యూస్‌గ్రూపులనే నెట్ చర్చావేదికల్లో రాసుకున్నవాళ్లకి ఆ ఫాంటూ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసుకునేవాళ్లు, చిన్న టీ అయితే ‘త’, పెద్ద టీ అయితే ‘ట’. మీ డిస్క్ కాపీ చేశాక ఫాంట్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి. అప్పటి పేపరు ఫాంటు ఏదైనా ఉంటే పారేయకండి. మీరు ఆనాడు సేవ్ చేసుకున్న పేజీలు ఉంటే అవి చదవడానికి తాళంచెవి అదే.

మీ అబ్బాయి మాట కూడా కొట్టిపారేయను. లాన్ కార్డు పెడితే ఈ తతంగం ఏదీ లేకుండా పది నిమిషాల్లో నెట్ వస్తుంది, ఫైళ్లు అటూ ఇటూ మార్చడానికి అదే హాయి. రియల్‌టెక్ 8139 చిప్పు ఉన్న పాత కార్డయితే 98కి డ్రైవరు దొరుకుతుంది. కాకపోతే అది కూయదు. మీరడిగింది కూతే కదా.

బ్యాంకు పని, మీ అసలు మెయిలు పాస్‌వర్డు మాత్రం ఈ కంప్యూటర్‌లో వద్దు. 98కి మందు, అంటే భద్రతా అప్‌డేట్లు, వేసేవాళ్లు ఎప్పుడో మానేశారు. ఇంకా నయం, మీరు మీ వైఫై పెట్టె చాటున ఉన్నారు. ఆ రోజుల్లో డయల్ చేస్తే బయటి ప్రపంచంలో నేరుగా నడిరోడ్డు మీద నిలబడ్డట్టే. తెలియకుండా ఏదో నొక్కితే మోడెం తనంతట తాను పాత కాల్ కోసేసి విదేశీ నంబరుకి ఫోన్ చేసే దొంగ ప్రోగ్రాములు ఉండేవి, నెలాఖరు బిల్లు చూసి ఇళ్లల్లో యుద్ధాలు జరిగేవి. మీ ఆవిడగారి భయం ఉత్తినే పుట్టింది కాదు. కానీ ఈసారి ఆవిడకి ధైర్యంగా చెప్పండి: కాల్ మీ ముందు గది నుంచి మీ వెనక గదికి పోతోంది, మీటరు లేదు. కరెంటు ఖర్చు తప్ప ఇంకేమీ లేదు.

వెనక గది అంటే గుర్తొచ్చింది. సత్యనారాయణపురంలో ఒకరింట్లో రోజూ సాయంత్రం ఆరున్నరకి నెట్ తెగిపోయేది. మోడెం మార్చాను, వైరు మార్చాను, లైన్‌మన్‌ని పిలిపించాను. మూడోసారి వెళ్లినప్పుడు ఆరున్నర దాకా అక్కడే కూర్చున్నాను. సరిగ్గా ఆ వేళకి వెనక గదిలో మామ్మగారు సంధ్యాదీపం పెట్టి వచ్చి, ప్యారలల్ ఫోన్ ఎత్తి చెవిన పెట్టుకుని దించేశారు. ఏమిటి మామ్మా అంటే, ‘అబ్బాయి ఆ వేళకి చేస్తాడు కదా, లైను ఉందో లేదో చూస్తున్నా’ అన్నారు. అబ్బాయి చేసినా ఎంగేజే వచ్చేది, ఎందుకంటే లోపల మనవడు చాటింగ్‌లో ఉన్నాడు. మీ ఇంటర్‌కమ్‌లో మూడో ఎక్స్‌టెన్షన్‌కి ఫోన్ ఏదైనా పెట్టినా ఫరవాలేదు, అది వేరే లైను. మోడెం వెనకున్న ‘ఫోన్’ అన్న సాకెట్‌లో మాత్రం ఏమీ గుచ్చకండి.

రెండో మోడెం బేరం కుదిరే ముందు దాని అడుగున ఉన్న చీటీ ఫొటో తీసి పంపండి. లినక్స్‌తో కలుస్తుందో లేదో చూసి చెబుతాను, ఆ తర్వాతే డబ్బులివ్వండి.